పెదనాన్న బుల్లెట్టు చప్పుడు

బండి మొరాయిస్తే నిమ్మకాయ మార్చే రకం కాదు నేను, ప్లగ్గు మార్చే రకం. దెయ్యం, గాలి, ధూళి అంటూ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఇది చదివి మావాళ్ళు నవ్వుతారని తెలుసు. నవ్వుకోనివ్వండి. ఆ రోజు నాతో ఇంకో ఇద్దరున్నారు. ఇద్దరూ ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలిగినవాళ్ళే.

మాది తాడేపల్లిగూడెం. ఎలక్ట్రికల్ సామాను షాపు ఉంది. షాపు పొట్టకోసం, బళ్ళు ప్రాణంకోసం. ఏలూరులో, గూడెంలో ఉన్న పాత బళ్ళ పిచ్చోళ్ళందరం ఒక గ్రూపు. ఆదివారం పొద్దున్నే కలిసి, కొల్లేరు రోడ్డు మీద ఒక రౌండు కొట్టి, టీ తాగుతూ ఎవరి బండి గొప్పదో వాదించుకుంటాం. ఆ వాదనలో ఇంతవరకూ ఎవరూ ఓడిపోలేదు. నా బండిని ఎవరైనా ఒక్క మాట తక్కువ చేస్తే నాకు రెండు రోజులు అన్నం సహించదు. అది నా గుణం, ఏం చేస్తాం.

ఆ బండి మా పెదనాన్నది. పాత బుల్లెట్టు, గేర్లు కుడికాలితో వేసే రకం. గణపవరం దాటి కొల్లేరు వైపు వెళ్తే, చేపల చెరువుల మధ్య ఉంటుంది వాళ్ళ ఇల్లు. వరిచేలూ, చెరువులూ అన్నీ ఆయన ఆ బండి మీదే తిరిగి చూసుకునేవారు. ఆయన పోయాక అది ధాన్యం కొట్లో పడి ఉంది. వైర్లు ఎలుకలు కొరికేశాయి, ట్యాంకు తుప్పు పట్టింది. ఎంతమంది అడిగినా మా పెద్దమ్మ ఇవ్వలేదు. నేను అడిగితే మాత్రం, "నడిపిస్తానంటే తీసుకెళ్ళు నాన్నా. ఆ చప్పుడు ఇంకొక్కసారి వినాలనుంది" అన్నారు.

ఏడాది పైనే పట్టింది. ఇంజను మొత్తం విప్పాను. పిస్టన్, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి వేశాను. ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తోనే గీయించాను, స్టిక్కరు అంటించడానికి మనసొప్పలేదు. టాపెట్లు, పాయింట్ల గ్యాపు, టైమింగ్, ప్రతిదీ కంపెనీ పుస్తకంలో ఎలా ఉందో అలాగే పెట్టాను. వెంట్రుకవాసి తేడా లేదు. గ్రూపులో బాషా గారని ఏలూరాయన ఉన్నారు. సైలెన్సర్ల పనిలో ఆయన మాటకు తిరుగులేదు, ఊరికే ఎవర్నీ మెచ్చుకోరు. ఆయన నా బండి చుట్టూ తిరిగి చూసి, "షోరూము నుంచి ఇప్పుడే దించినట్టుందండీ" అన్నారు. ఆ రోజు నా కాళ్ళు నేల మీద లేవు.

అదే ఊపులో పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడకి చూపు మసకబారి చాలా కాలమైంది. పెదనాన్న ఉన్న రోజుల్లో, చెరువు గట్టు మలుపు దగ్గర బండి చప్పుడు వినగానే కంచం పెట్టేసేవారు. ఆయన స్టాండు వేసి కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండేది. నేను దర్జాగా వాకిట్లోకి తెచ్చి ఆపాను. ఆవిడ కాసేపు విన్నారు.

"బాగుంది నాన్నా. కానీ ఇది ఆయన బండి కాదు."

"ఆయనదే పెద్దమ్మా. ఇంజను నంబరు కూడా అదే చూడండి" అన్నాను.

"బండి అదే అయ్యుంటుంది. చప్పుడు అది కాదు" అని లోపలికి వెళ్ళిపోయారు.

నా మొహం మాడిపోయింది. ఊరంతా మెచ్చిన బండిని, ఎవరి కోసం చేశానో ఆవిడే ఒప్పుకోలేదు.

బాషా గారు పాత రకం సైలెన్సరు వెతికి వేశారు. పెద్దమ్మ కాదన్నారు. టాపెట్లు కాస్త వదులు చేశాను, కార్బొరేటర్ మార్చాను. వెళ్ళడం, వినిపించడం, ఆవిడ తల అడ్డంగా ఊపడం. ఈలోగా ఆవిడ చెవులు కూడా మందగించడం మొదలైంది. ఒకటి దాదాపు పోయింది, రెండోదీ ఎన్నాళ్ళో ఉండదని డాక్టరు చెప్పారట. మాట్లాడాలంటే దగ్గరగా వెళ్ళి గట్టిగా అరవాల్సి వస్తోంది. ఆవిడకి వినికిడి పూర్తిగా పోయేలోపు ఆ చప్పుడు తేగలనా లేదా, నా బెంగంతా అదే.

చివరికి బండిని వాళ్ళ ఇంట్లోనే వదిలి, ఒక ఆదివారం అక్కడే ఇంజను పైభాగం, అంటే హెడ్డు, విప్పి చూద్దామనుకున్నాం. బాషా గారు, నేను, వర్మ గారు వర్మ గారి కారులో వెళ్ళాం. వర్మ గారిది గణపవరమే, వరి రైతు. ఆయన దగ్గరా ఇలాంటివే రెండు బళ్ళున్నాయి. మేం వెళ్ళాక ఒక జోరు జల్లు పడి ఆగింది. తర్వాత ఎండ కాసింది. వాకిట్లో గోనెపట్టా పరిచి పనిలోకి దిగాం. గ్రూపులో పెట్టడానికి వర్మ గారు ఫోను గోడ మీద నిలబెట్టి వీడియో ఆన్ చేశారు. హెడ్డు ఊడదీసి పట్టా మీద పెట్టాను. కార్బొరేటరు పక్కన పళ్ళెంలో ఉంది.

అప్పుడు గట్టు మీంచి బుల్లెట్టు చప్పుడు వినపడింది.

మేమేం చేశామో చెబితే మీరు నమ్మరు. భయపడలేదు. వాదించుకున్నాం.

"టాపెట్లు వదులండీ దానికి" అన్నారు వర్మ గారు.

"టాపెట్లు కాదండీ. సైలెన్సర్లో పొర ఊడింది, వినండి" అన్నారు బాషా గారు.

నేను స్పానర్ చేత్తో పట్టుకుని చెవి అటే పెట్టాను. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఎక్కువ. బరువుగా, నిదానంగా కొడుతోంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా సైలెన్సర్లో చిన్నగా పేలుతోంది. "రెండూ కాదండీ, టైమింగ్ లేటు, ప్లగ్గు నిప్పు ఆలస్యంగా పడుతోంది. పుస్తకంలో ఉన్నదానికంటే బాగా వెనక్కి ఉంది" అన్నాను. నా మాటే సరైనదని ఇద్దరి మీదా ఎగురుతున్నాను కూడా.

చప్పుడు మలుపు తిరిగి దగ్గరికొచ్చింది. వాకిలి దాకా వచ్చి, ఇంజను ఆపడానికి డీకంప్రెసర్ లాగితే వస్తుందే, ఆ టుస్సుమనే శబ్దంతో ఆగిపోయింది. పెదనాన్న ఎప్పుడూ అలాగే ఆపేవారు.

వెనకనుంచి పెద్దమ్మ గొంతు. "వచ్చేశారు. కంచం పెట్టేస్తున్నా."

చెవిలో అరిస్తే గానీ వినపడని మనిషి. అప్పుడు చూశాను పట్టా మీదున్న హెడ్డు వంక. అది ఊడదీసిన ఇంజను పలకదు. బాషా గారూ అదే చూస్తున్నారు. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

ముగ్గురం బయటికి పరిగెత్తాం. ఎవరూ లేరు. ఇంటికి గట్టు ఒక్కటే దారి. జల్లుకి మా కారు గుర్తులు కూడా చెరిగిపోయి మట్టి నున్నగా ఉంది. ఏ టైరు గుర్తూ లేదు. మలుపు దగ్గర చెరువులో వల లాగుతున్నవాళ్ళని అడిగాను, ఇటు ఏదైనా బండి వెళ్ళిందా అని. "ఇటేం రాలేదండీ. చప్పుడు మీ ఇంట్లోంచే కదండీ వచ్చింది? బండి బాగయిందనుకున్నాం" అన్నారు. మాకు గట్టు మీంచి వినపడింది వాళ్ళకి మా వాకిట్లోంచి వినపడిందన్నమాట.

వర్మ గారి వీడియో ఇప్పటికీ ఉంది. అందులో ముగ్గురం చేతులు ఊపుకుంటూ దెబ్బలాడుకుంటున్నాం. కాకులు అరుస్తున్నాయి. బండి చప్పుడు మాత్రం లేదు. ఏమీ లేనిదాని గురించి ముగ్గురు మగాళ్ళు అంతసేపు వాదించుకున్నారంటే చూసేవాళ్ళకి పిచ్చోళ్ళలానే కనిపిస్తాం.

లోపల పెద్దమ్మ కంచం ముందు కూర్చుని ఉన్నారు. ఆవిడ చెవి దగ్గరికి వంగి ఒక్కటే అడిగాను. పెదనాన్న బండికి టైమింగ్ ఏమైనా మార్పించారా అని.

"టైమింగో ఏమో నాకేం తెలుసు? ఒకసారి కిక్కు ఎదురుతన్ని మోకాలు వాచిపోయింది ఆయనకి. అప్పుడేదో తనే కూర్చుని తిప్పుకున్నారు. మళ్ళీ తన్నలేదు."

టైమింగ్ వెనక్కి పెడితే కిక్కు ఎదురుతన్నదు. ఈ పని చేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. కానీ మా పెదనాన్న అలా పెట్టుకున్నారని నాకెవరూ చెప్పలేదు. నేను ఎంత శుభ్రంగా, ఎంత పుస్తకం ప్రకారం చేశానో, ఆయన బండిని ఆయన చేతినుంచి అంత దూరం తీసుకెళ్ళాను.

హెడ్డు, కార్బొరేటరు బిగించాం. టైమింగ్ మార్చే పాయింట్ల ప్లేటు వెనక్కి తిప్పాను, ఇంకా వెనక్కి, నా చెవిలో మిగిలి ఉన్న ఆ దెబ్బ కలిసేదాకా. మలుపు దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. వస్తుంటే నా గుండె ఇంజనుకంటే గట్టిగా కొట్టుకుంది. బాషా గారు దూరం నుంచే చెయ్యెత్తి ఊపారు.

పెద్దమ్మ అరుగు మీద నిలబడి ఉన్నారు. వాకిట్లో ఆపగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దగ్గరికి వచ్చి, చేత్తో తడిమి ట్యాంకు పట్టుకుని, "ఇదేరా నాన్నా. ఇదే" అన్నారు. నా జన్మలో అంత గొప్ప మెచ్చుకోలు ఎవరూ ఇవ్వలేదు. సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆ చప్పుడు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నీళ్ళ మీద శబ్దం దూరం నుంచి వస్తుందని ఒకరన్నారు, ముగ్గురికీ ఒకేసారి భ్రమ కలిగిందని ఇంకొకరన్నారు. ఏ మాటా అతకలేదు. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. అది మాత్రం ఏమిటో చెప్పలేను.

ఆ సాయంత్రం మేం బయల్దేరుతుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకున్నారు. కోపంగా ఉన్నారో, నవ్వుతున్నారో తెలియలేదు.

"చూశావా మీ పెదనాన్నని? ఇన్నేళ్ళూ రోజూ గట్టు వంకే చెవి పెట్టుకుని కూర్చున్నాను. నాకోసం ఒక్కపూట రాలేదు. బండి సరిగ్గా చెయ్యట్లేదని మాత్రం వచ్చారు."