మూడు బాటల కాడ గుమ్మడికాయ

ఈ సాయంత్రం మిర్యాలగూడ నుంచి బొగ్గు పొగతో నడిచే బస్సులో వస్తున్నాను. కోదాడ బాట కలిసే మలుపులో, తుమ్మకంప చాటు నుంచి వచ్చిన మా ఊరి మల్లయ్య బండి ఉన్నట్టుండి పక్కకు తిరిగి బస్సును గుద్దింది. ఎద్దు కాలు విరిగింది.

"గట్లెందుకు తిప్పినవ్ మల్లయ్యా?"

"నడిబాటల దిష్టి గుమ్మడికాయ ఉన్నది పంతులూ. తొక్కితే నాకు తగుల్తది గద! కంపల బస్సు కనబడలే."

ఆ కాయను మొన్న ఇక్కడే ఇంకో బండి బోల్తా పడితే ఊరివాళ్లే కొట్టారు. ఆ కంప నరకండని చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. ఎద్దు ఇంకా లేవనే లేదు, పెద్దమనుషులు మాత్రం తేల్చేశారు: "ఈసారి రెండు కొట్టాలె."

గుమ్మడికాయలు మా దగ్గర చాలా ఉన్నాయి. మీ ఊళ్లో గొడ్డలి ఉంటే చెప్పండి.