ఎడమ చెప్పు ఇలా ఇవ్వండి

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మొండివాళ్ళను మీరు చూసే ఉంటారు. మా బావ వాళ్ళకంటే ఒక ఆకు ఎక్కువే చదివాడు. ఆయన లెక్కలో కారు నడిపే మనిషికి ఉండేది ఒక్కటే కాలు, అదీ కుడికాలు. ఎడమది ఒంటికి అతుక్కుని ఉంది కాబట్టి బండిలోకి రానిస్తాడు గానీ, దానికి పెత్తనం మాత్రం ఇవ్వడు.

బావది డ్రైవింగ్ స్కూలు. పక్క గదిలో నా కళ్ళద్దాల దుకాణం. మధ్యలో ఉన్నది పలచటి చెక్క గోడ కావడంతో ఆయన పాఠాలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

"ఆటోమేటిక్ బండిలో క్లచ్ లేదు. క్లచ్ లేనప్పుడు ఎడమకాలికి పని లేదు. ఎక్సలేటరు తొక్కిన కాలే వచ్చి బ్రేకు తొక్కాలి. రెండు కాళ్ళకీ పనిచ్చామా, కంగారులో రెండూ ఒకేసారి తొక్కేస్తాయి. ఒక ఇంట్లో ఇద్దరు పెత్తనం చేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు."

ఈ చివరి మాట దగ్గర వెనక వంటింట్లోంచి మా అక్క గట్టిగా దగ్గుతుంది. బావ వెంటనే తరువాతి పాఠంలోకి వెళ్ళిపోతాడు.

బావకి ఈ పట్టింపు బండి దిగినా వదలదు. ఆయన పన్ను పీకించుకున్నప్పుడు నేనే తోడు వెళ్ళాను. డాక్టరు పట్టకారు చేతిలోకి తీసుకోగానే బావ ఎడమకాలు కుర్చీ మీంచి జానెడు లేచింది. "క్షమించండి డాక్టరు గారూ, దీనికింకా శిక్షణ పూర్తి కాలేదు" అని, నా వైపు తిరిగి "కాస్త పట్టుకోరా" అన్నాడు. ఆ పన్ను ఊడేదాకా నేను ఆయన కాలు పట్టుకునే ఉన్నాను. బావమరిది అన్నాక తప్పుతుందా?

ఇవన్నీ ఒక ఎత్తు, ఈమధ్య పెట్టిన చెప్పుల నియమం ఒక ఎత్తు. బండెక్కేవాళ్ళంతా, వెనక సీట్లో కూర్చునేవాళ్ళు సహా, ఎడమకాలి చెప్పు విప్పి ఆయన చేతికివ్వాలి. పాఠం అయ్యేదాకా అవి స్కూలు కిటికీలో వరసగా కొలువుంటాయి. ఒకాయన చెప్పుల దుకాణమనుకుని లోపలికొచ్చి, ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇది బాగుంది, దీని జత చూపిస్తారా?" అనడిగాడు. "జత రోడ్డు మీద తిరుగుతోందండీ" అంది మా అక్క.

అప్పుడు నేర్చుకుంటున్న బ్యాచీలో నలుగురున్నారు. వాళ్ళలో బ్యాంకు ఆఫీసరు గారు ఒకరు. ఏళ్ళ తరబడి గేర్ల బండి నడిపిన మనిషి. ఆయన ఎడమకాలు బ్రేకునే క్లచ్ అనుకుని ఉన్న బలమంతా పెట్టి తొక్కేది. ఒకసారి సరదాకి నేనూ ఎక్కాను. కళ్ళద్దాలు అమ్ముకు బతికేవాణ్ణి, నా కళ్ళద్దాలు ఎక్కడ పడ్డాయో కనుక్కోలేకపోయాను.

ఇంకొకామె ఫొటోగ్రాఫరు. సామానంతా బండిలో వేసుకుని ఊరూరా తిరిగే పని. ఇన్నాళ్ళూ వాళ్ళన్నయ్య నడిపేవాడు. అతనికి బదిలీ అయింది. అతను వెళ్ళేలోగా లైసెన్సు చేతికి రాకపోతే స్టూడియోకి తాళం వేసుకోవడమే.

పరీక్ష వారంలోకి వచ్చేసరికి ఆఫీసరు గారు ఎదురు తిరిగారు.

"మాస్టారూ, ఈ చెప్పుల సంగతి ఏ రూలు పుస్తకంలో ఉంది?"

"నా పుస్తకంలో ఉందండి."

"ఏదీ చూపించండి."

"ఇంకా అచ్చు కాలేదు."

"అయితే రేపు నేను చెప్పులతోనే ఎక్కుతాను. కుదరదంటే ఇంకో స్కూలు చూసుకుంటాను" అని ఆయన విసవిసా వెళ్ళిపోయారు.

నేను బావకి నచ్చజెప్పబోయాను. "తెగేదాకా లాగకు బావా. చెప్పే కదా, ఉంచుకోనీ."

"నీకు తెలీదు, నువ్వూరుకో" అన్నాడు. ముఖం మాత్రం దిగాలుగా ఉంది. ఆ పూట కాఫీ కూడా తాగలేదు.

సాయంత్రం ఫొటోగ్రాఫరమ్మ కళ్ళజోడు బిగించుకోవడానికి నా దుకాణానికి వచ్చింది. గొడవ సంగతి ఆమెకీ తెలిసింది. కళ్ళజోడు నా చేతికిచ్చి అంది.

"నా ఎడమకాలు కట్టుడు కాలండీ. బ్యాచీలో ఎవరికీ తెలీదు. మొదటి రోజు బూటు వెళ్ళి బ్రేకు కింద ఇరుక్కుంది. నాకేమో తెలీదు కదా, స్పర్శ ఉండదు. బూటు విప్పి, కాలు చేత్తో ఎత్తి వెనక్కి పెట్టుకోవాలి. వెనక ముగ్గురు చూస్తున్నారు. సిగ్గేసి, ఇంక రేపట్నుంచి రాకూడదనుకున్నాను. ఇంతలో మాస్టారు వెనక్కి తిరిగి, 'అందరూ ఎడమ చెప్పులు విప్పండి, ఇదీ ఇక్కడి పద్ధతి' అని గద్దించారు. అందరూ వంగి ఎవరి చెప్పు వాళ్ళు విప్పుకుంటుంటే నావైపు చూసే తీరిక ఎవరికీ లేకపోయింది."

"మా బావ మీతో ఏమీ అనలేదా?"

"అన్నారు. 'నీకు సగం పాఠం ముందే వచ్చేసిందమ్మా, ఆ ఆఫీసరు గారికి ఎప్పటికొస్తుందో' అన్నారు. ముందు బ్యాచీల వాళ్ళని అడిగితే వాళ్ళెవరూ చెప్పులు విప్పలేదట. ఇదంతా నాకోసమేనని నాకు తెలిసిపోయినట్టు ఆయనతో అనకండి."

మా బావ మీద నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. తిన్నగా ఆఫీసరు గారింటికి వెళ్ళాను. కారణం చెప్పడానికి లేదు, కాబట్టి ఊరికే బతిమాలాను.

"సార్, పరీక్ష దాకా ఓపిక పట్టండి. మా బావది చాదస్తం, పెద్దమనసు చేసుకోండి."

ఆయన నవ్వారు. "కూర్చోండి. ఆ అమ్మాయి కాలు సంగతి మా ముగ్గురికీ రెండోరోజే తెలుసు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకి కళ్ళుండవా?"

"మరి ఆ గొడవంతా ఎందుకు సార్?"

"బాగుంది. నోరెత్తకుండా చెప్పులు అప్పజెబుతుంటే ఆ అమ్మాయికి అనుమానం రాదూ? అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఎగరాలి. ఈ వారం వంతు నాది. రేపు సణుక్కుంటూ వస్తాన్లెండి."

మర్నాడు అన్నట్టే సణుక్కుంటూ వచ్చి, చెప్పు విసురుగా బావ చేతిలో పెట్టారు. బావ దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

పరీక్షలో ఫొటోగ్రాఫరమ్మ బండిని నీళ్ళ మీద పడవలా తీసుకెళ్ళి గీత దగ్గర మెత్తగా ఆపింది. లైసెన్సు అధికారి సంతకం పెడుతుంటే బావ పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఆఫీసరు గారు కూడా గట్టెక్కారు. అది ఎలా జరిగిందో ఆయనకే అంతుపట్టలేదు.

అందరూ వెళ్ళాక బావ నన్ను చెట్టు నీడకి లాక్కెళ్ళాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, ఆ చెప్పుల వెనక వేరే సంగతుందిలే. నీకు కూడా చెప్పను. ఎవరికైనా అనుమానం వచ్చిందంటావా?"

"ఎవరికీ రాలేదు బావా."

"రాదు" అన్నాడు తృప్తిగా. "నేనంత తేలిగ్గా దొరికిపోయే మనిషిని కాదు."