కహికతియాల కింద ఊడ్చిన చోటు

నాకు కుళ్ళు ఎక్కువ. ముఖ్యంగా నా ఫ్లాట్‌మేట్ మీద. ఈ దేశానికొచ్చి హామిల్టన్‌లో ఇద్దరం కలిసే చదివాం, కలిసే ఉద్యోగాల్లో చేరాం, ఆ ఊళ్ళోనే రోటోటూనా పేటలో ఒకే ఫ్లాట్‌లో ఉన్నాం. ఎక్కడికెళ్ళినా అందరికీ తనే నచ్చేది.

ఊరి బయట ఒక పాడి ఫారంలో చిన్న అడవి ముక్క ఉండేది. శనివారాలు కలుపు తీయడానికి వెళ్ళేవాళ్ళం. ఫారం ముసలాయన్ని మాలో మేం తాతగారు అనుకునేవాళ్ళం. ఒకప్పుడు అక్కడంతా చిత్తడి నేలేనట, నిండా కహికతియా చెట్లట. ఆయన పెద్దవాళ్ళ కాలంలో కాలవలు తవ్వి నీళ్ళు లాగేశారు. ఆ చెక్కకి వాసన ఉండదని నరికి వెన్న పెట్టెలు చేశారు. మిగిలిన ఈ ముక్కలో ఆవులు నీడకి చేరి, మొలిచిందల్లా మేసేశాయి. ఆయన కంచె వేయించేసరికి అన్నీ ముసలి చెట్లే, కింద ఒక్క పిల్లమొక్క లేదు.

తాతగారు టౌన్‌కి మారిపోతూ, గేటు తాళంచెవి మా ఇద్దరిలో ఒకరికిచ్చి అడవి అప్పగిస్తానన్నారు. అది నాకే రావాలి. కానీ తను ఆకు చూసి చెట్టు పేరు చెప్పేసేది, ఆయన మురిసిపోయేవారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఒక శుక్రవారం సాయంత్రం తనకి చెప్పకుండా వెళ్ళి కంచె దూకాను. చెట్టు కింద ఆకు కనబడితే ఆ ఇంటి ఆడవాళ్ళు బద్ధకస్తులని మా అమ్మ లెక్క. నాలుగు పెద్ద చెట్ల కింద రేక్‌తో నున్నగా లాగి, ఆకంతా సంచుల్లోకెత్తి కార్లో పడేశాను. రేపు నన్ను నెత్తిన పెట్టుకుంటారులే అనుకున్నాను.

మర్నాడు తాతగారు అది చూసి వంగి నేలంతా తడిమారు. కంచె వేశాక మొదటిసారి మొలిచిన కహికతియాలు ఆ ఆకుల కిందే ఉండేవి, వేలెడంత; నా రేక్‌కి అవీ లేచిపోయాయి. పోయిన వారం తను వాటి గురించి చెప్పబోతే, నాకు పాఠాలు చెప్పకే అని నోరు మూయించింది నేనే.

"ఎవరు చేశారు?" అన్నారాయన.

నేను నా బూట్లు చూసుకుంటూ నిలబడ్డాను.

"మా ఇద్దరి పొరపాటేనండి. మా వైపు చెట్టు కింద ఊడుస్తాం," అంది తను.

ఆయన నా బూట్ల వైపోసారి చూసి లేచారు. తాళంచెవి నా ఫ్లాట్‌మేట్ చేతిలో పెట్టారు. ఆ క్షణంలో నాకు కృతజ్ఞత కలగాలి. కుళ్ళుకున్నాను. నా తప్పు మోయడంలో కూడా తనే ముందు.

"ఒక్కమాట అడగొచ్చు కదే," అంది కార్లో. అంతే, మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చని ఆ తాళంచెవిని మా ఫ్లాట్ తలుపు పక్కన మేకుకి తగిలించింది. నేను ముట్టుకోలేదు. గరాజ్‌లో దాచిన సంచులు ఒక్కొక్కటే మోసుకెళ్ళి, ఆ ఆకులు తీసిన చోటే పరిచాను. ప్రతిసారీ కంచె దూకే వెళ్ళాను.