ఐదో దెయ్యం నడక

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయం అంతకన్నా లేదు. మూడేళ్ళపాటు వాటిని చంపడమే నా ఉద్యోగం. పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రానికి ఏ రెండు వందలో చంపి, టిఫిన్ డబ్బా సర్దుకుని హాస్టల్‌కు వెళ్ళేదాన్ని. జీతానికి దెయ్యాలను చంపేవాళ్ళకు విసుగు ఉంటుంది తప్ప భయం ఉండదు.

ఖమ్మంలో ఒక బట్టల షాపు పై అంతస్తులో చిన్న గేమ్ కంపెనీ ఉండేది. మొత్తం ఐదుగురం. నేను టెస్టర్‌ని. మేము తయారు చేస్తున్న గేమ్ పేరు చెప్పను, ఇప్పటికీ ఫోన్లలో దొరుకుతుంది. డాబా మీద నిలబడి కిందికి చూస్తే మనుషుల నడినెత్తి, భుజాలు కనిపిస్తాయి కదా, గేమ్ అంతా అలా పైనుంచి కనిపిస్తుంది. కింద అడవి, అడవిలో బల్లెం పట్టుకున్న వేటగాడు. వాడు ఒక్కో దెయ్యాన్నీ వెతికి పొడవాలి. అలాంటివి తొమ్మిది.

టెస్టర్ అంటే ఆడుకుంటూ జీతం తీసుకోవడమే కదా అని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్ళు. ఒకే గోడకు ఒకే మనిషిని నాలుగు వందలసార్లు గుద్దించి చూడటం ఆట అయితే, అవును, ఆడుకున్నాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏదైనా తప్పు ఒకసారి కనిపిస్తే అది లెక్కలోకి రాదు. రెండోసారి కనిపిస్తే అనుమానం. అదే చోట, అదే పని చేస్తే మూడోసారి కూడా వస్తేనే నిజం. అప్పుడే రాసి పైకి పంపాలి. మూడుసార్లు చూడకుండా పంపితే అందరి ముందూ తిట్లు పడేవి.

ఇక మా అత్త సంగతి. రాహేలత్త మా నాన్నకు అక్క. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటికే భర్త పోయి చర్ల దగ్గర ఊళ్ళో ఉంటున్న అత్త, ఒక ట్రంకు పెట్టె పట్టుకుని సారపాకలో మా ఇంటికి వచ్చింది. నన్ను పెంచింది ఆమే. జ్వరం వస్తే పాదాలకు ఉల్లిపాయ రుద్దేది, మార్కులు తగ్గితే అదే చేత్తో వీపు మీద వేసేది. వయసులో ఉన్నప్పుడు లారీ నుంచి వెదురు కట్ట జారి నడుము మీద పడింది. అప్పటినుంచి ఎడమకాలు ఈడుస్తూ, ప్రతి అడుక్కీ కుడి భుజం పైకి ఎగరేస్తూ నడిచేది. చిన్నప్పుడు నేను ఆ నడకను అనుకరించి చూపించి బడిలో పిల్లలను నవ్వించేదాన్ని. అంత మంచిదాన్ని నేను.

ఐదో దెయ్యం ముసలిది. బొమ్మలకు నడక నేర్పే కిరణ్ నెలరోజులు దానితో కుస్తీ పట్టాడు. పైనుంచి చూసేటప్పుడు ముఖం కనిపించదు కాబట్టి భయమంతా నడకలోనే రావాలి. వాడు ఏం చేసినా అది పెళ్ళికి పోతున్న ముసలమ్మలాగే ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర నా ఫోన్‌లో వీడియో ఒకటి చూపించాను. ఈస్టర్ సెలవులకు వెళ్ళినప్పుడు మా డాబా మీది నుంచి తీసింది. కింద వాకిట్లో అత్త కోళ్ళ వెంట పడుతోంది.

కిరణ్ తినడం ఆపేశాడు. "ఎవలీమె? నాకు పంపియ్యి, గిదే గావాలె నాకు" అన్నాడు.

పంపాను. అందరం నవ్వుకున్నాం. వారం తిరిగేసరికి ఐదో దెయ్యం మా అత్తలాగే కాలీడుస్తూ, భుజం ఎగరేస్తూ చెట్ల మధ్య తిరిగింది. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. దాన్ని వెనకనుంచి, వీపు మీద ఎడమ భుజం రెక్క కింద పొడిస్తేనే చస్తుంది. పని నడుస్తున్నన్నాళ్ళూ చచ్చిన ఎనిమిది సెకన్లకు అక్కడే మళ్ళీ లేచేలా పెట్టుకున్నాం, లేకపోతే ప్రతిసారీ ఆట మొదటినుంచి ఆడాలి. ఆ సోమవారం నుంచి దాన్ని పొడవడం నా వంతు.

బుధవారం నాన్న ఫోన్ చేశాడు. అత్త ఉన్నట్టుండి పడిపోతోందట. పొయ్యి దగ్గర, పంపు దగ్గర, రోజుకు ఎన్నోసార్లు. బీపీ అయి ఉంటుంది, చూపించు అన్నాను. భద్రాచలం దవాఖానాలో మూడు రోజులు ఉంచారు. రక్తం, గుండె, తల, అన్నీ చూశారు. ఏమీ లేదు. అక్కడ ఉన్నప్పుడు కూడా పడిందని, నర్సు ఎదురుగానే పడిందని నాన్న చెప్పాడు. అదీ పొద్దున పదికీ సాయంత్రం ఆరుకూ మధ్యనే.

ఆదివారం వెళ్ళాను. ఆ రోజు ఆఫీసు లేదు, అత్త ఒక్కసారి కూడా పడలేదు. పాస్టర్ గారు వచ్చి నూనె రాసి ప్రార్థన చేసి వెళ్ళారు. పక్కింటివాళ్ళు ఎవరో చేతబడి అన్నారు. నేను వాళ్ళ మీద కస్సుమన్నాను, చదువుకున్నదాన్ని కదా. అందరూ వెళ్ళాక అత్త నన్ను లోపలికి పిలిచి జాకెట్ కొంచెం కిందికి జరిపింది. ఎడమ రెక్క కింద రూపాయి బిళ్ళంత నల్లగా కమిలి ఉంది.

"ఎనకకెల్లి ఎవలో పొడిసినట్టయితది బిడ్డా. పానం పోయినట్టే పోతది. జరసేపటికి మళ్ళ లేస్త. నాయినకు చెప్పకు, ఊకెనే రంది పడతడు."

నేను జాకెట్ మళ్ళీ పైకి సర్దాను.

"ఇంకోటి జెప్త, నవ్వద్దు. గేటు దాక పోతే కాళ్ళు ముంగటికి సాగవు. అడ్డం గోడ ఉన్నట్టుంటది. మీ నాయిన చెయ్యి వట్టుకుంటెనే దాటుతున్న."

గేమ్‌లో ఒక్కో దెయ్యానికీ ఒక హద్దు ఉంటుంది. అది దాటి బయటికి రాకుండా కంటికి కనిపించని గోడ పెడతాం. ఆ గోడను పరీక్షించింది నేనే. అత్తకు కంప్యూటర్ అంటే టీవీకి తమ్ముడని మాత్రమే తెలుసు. నా గేమ్‌లో ఏముందో నేను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

ఇక్కడ ఎవరైనా ఏం చేస్తారు? ఆ దెయ్యాన్ని పొడవడం మానేస్తారు. కిరణ్ కాళ్ళు పట్టుకుని ఆ నడక తీసేయిస్తారు. నాకు ఆ ఆలోచన వచ్చింది. కానీ కారణం ఏమని చెప్పాలి? మా అత్తకు తగులుతోందని చెప్పాలా? పదిమందిలో పరువు పోతుందని సిగ్గుపడ్డాను. దానికన్నా పెద్ద జబ్బు ఇంకోటి ఉంది. ఇది అబద్ధమని తేల్చుకోవాలని నాకు పట్టుదల వచ్చింది. నా పనిలో తేల్చుకునే పద్ధతి ఒక్కటే.

సోమవారం పదకొండింటికి మెట్ల దగ్గరికి లాప్‌టాప్ పట్టుకెళ్ళి కూర్చున్నాను. అత్తకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. మంచం మీద కూర్చొని మాట్లాడమన్నాను, పడితే దెబ్బ తగలకుండా. ఆ మాత్రం దయ చూపించాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ పక్కింటి కోడలి గురించి చెబుతోంది. ఐదో దెయ్యం తెర మీద కాలీడుస్తూ అటు తిరిగింది. పొడిచాను. ఫోన్‌లో మాట సగంలో తెగిపోయింది. స్టీలు గిన్నె కింద పడిన చప్పుడు. తెర మూలన అంకెలు నడుస్తున్నాయి. ఎనిమిది కాగానే దెయ్యం లేచింది, ఫోన్‌లో అత్త దగ్గింది.

"మళ్ళ గట్లనే అయింది బిడ్డా. గింజలన్నీ పడిపాయె."

మంచినీళ్ళు తాగాను. ఒకసారి కనిపిస్తే లెక్కలోకి రాదని నాకు నేనే చెప్పుకున్నాను.

రెండు రోజులు ఆ దెయ్యం జోలికి పోకుండా మిగతా వాటితో గడిపాను. ఆ రెండు రోజులూ అత్త బాగుంది, గేటు దాకా వెళ్ళి కూరగాయలు కూడా కొంది. గురువారం మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి మాట్లాడుతూ మాట్లాడుతూ పొడిచాను. మాట ఆగింది. ఎనిమిది సెకన్లు. అదే దగ్గు. ఈసారి ఆమె కొంచెం ఏడ్చింది. నేను ఏడవలేదు. నా డైరీలో రెండు గీతలు ఉన్నాయి.

శుక్రవారం పొద్దున గేమ్‌కు కొత్త మార్పులు వచ్చాయి. ప్రతి మార్పుతో పాటు ఏం మారిందో ఒక జాబితా వస్తుంది, దాన్ని చూసి నేను సరిచూడాలి. ఆ రోజు జాబితాలో మూడో మాట ఇది: ఐదో దెయ్యం ఒకసారి చస్తే ఇక లేవదు. సరిచూసి చెప్పాలి.

ఆ వాక్యం చదివాను. చదవలేదని, తొందరలో చూసుకోలేదని చాలామందికి చెప్పాలనుకున్నాను. కానీ చదివాను.

మళ్ళీ మెట్ల దగ్గరే కూర్చొని, లాప్‌టాప్ తెరిచి ఆ దెయ్యం ఉన్న చోటికి వెళ్ళాను. అప్పుడే ఫోన్ మోగింది. నేను చేయలేదు, అత్తే చేసింది. మామూలుగా ఆమె నా పనివేళల్లో ఫోన్ చేయదు.

"పనిల ఉన్నవా బిడ్డా? మీ నాయిన సంతల రొయ్యపొట్టు తెచ్చిండు. ఆదివారం వస్తవంటే నూరి పెడత."

నేను "వస్తా అత్తా" అన్నాను. వేలు మీట మీదే ఉంది. ఆ క్షణంలో నా మనసులో ఏముందో చాలాసార్లు వెతుక్కున్నాను. కోపం లేదు, చెడ్డ ఉద్దేశం లేదు. ఇదంతా ఉత్తదే, ఇది కూడా చూసేస్తే ఈ పీడ వదిలిపోతుంది అన్న చిరాకు ఉంది, అంతే. మీట నొక్కాను.

ఎనిమిది అయింది. తెర మీద ముసలిది బోర్లా పడి ఉంది. ఫోన్‌లో కోళ్ళు అరుస్తున్నాయి. పంపు నుంచి బిందెలో నీళ్ళు పడుతున్న చప్పుడు, తర్వాత బిందె నిండి పొర్లుతున్న చప్పుడు. ఇరవై అయింది. అత్తా, అత్తా అని పిలిచాను. మెట్ల మీద పోతున్నవాళ్ళు ఆగి చూశారు. పదకొండు నిమిషాల తర్వాత పక్కింటామె పంపు కట్టేయనిది ఎవరని తిట్టుకుంటూ వచ్చింది. తర్వాత ఆమె కేక వినిపించింది.

గుండె ఆగిందన్నారు డాక్టర్లు. అరవై దాటిన మనిషి, అంతకుముందే పడుతూ లేస్తూ ఉంది. ఎవరికీ అనుమానం లేదు. స్నానం చేయించిన ఆడవాళ్ళు మాత్రం వీపు మీద మచ్చ చూసి నన్ను అడిగారు. ఎప్పుడో తగిలిన దెబ్బ అన్నాను. సమాధి దగ్గర నాన్న నా భుజం పట్టుకుని, ఆఖరుకు నీతోనే మాట్లాడింది, అదృష్టవంతురాలివి అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన మీద ఇప్పటికీ కోపం ఉంది. తప్పు ఆయనది కాదని తెలిసీ ఉంది.

ఆఫీసుకు వెళ్ళి ఆ నడక తీసేయమని కిరణ్‌ను అడిగాను. గేమ్ మొత్తంలో బాగున్నది అదొక్కటే అన్నాడు. కారణం అడిగితే చెప్పలేకపోయాను. ఉద్యోగం మానేశాను. గేమ్ బయటికి వచ్చింది. ఇప్పుడు సత్తుపల్లిలో ఒక బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. ఎవరో ఎక్కడో రోజూ దాన్ని పొడుస్తూనే ఉంటారు, ఆ ఆలోచన మాత్రం పాఠం మధ్యలో కూడా వస్తుంది.

ఇంతటితో ఆగిపోతే కాకతాళీయం అని నన్ను నేను ఒప్పించుకునేదాన్నేమో. మొన్న ఒక ఆదివారం సారపాక వెళ్ళినప్పుడు, చర్చి నుంచి వచ్చాక నాన్న వరండాలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. కూతురు పని చేసిన గేమ్ అని ఎవరితోనో ఎక్కించుకున్నాడట. వెళ్ళి చూశాను. వేటగాడు కదలకుండా నిలబడి ఉన్నాడు. ఐదో దెయ్యం కాలీడుస్తూ వచ్చి వాడి పక్కన ఆగింది. నాకు తెలిసి అది మనిషిని అందుకున్న వెంటనే చంపాలి. చంపలేదు. పక్కన ఊరికే నిలబడింది.

"మా అక్క నడక తీర్గ లేదూ?" అన్నాడు నాన్న. "నెల రోజులసంది జూస్తున్న. నన్నేమనది. వచ్చి గిట్ల నిలవడతది."

ఆ ఫోన్‌లో ఏదో పాత గేమ్ ఎక్కి ఉంటుందని, ఏదో లోపమని అంటూ ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. నా వేళ్ళు తెరకు తగిలాయి. వేటగాణ్ణి నేను కదిలించలేదు, బల్లెం ఎత్తలేదు. ముసలిది ఒక్కసారి వెనక్కి తిరిగింది. భుజం ఎగరేస్తూ, కాలు ఈడ్చుకుంటూ, చేతనైనంత జోరుగా చెట్లలోకి పోయింది. హద్దు దగ్గర ఆ గోడకు ఆనుకుని ముడుచుకుంది. దెయ్యాలకు పారిపోవడం మేము నేర్పలేదు. తొమ్మిదింటిలో ఏ ఒక్కదానికీ లేదు. ఆ రాత్రే కిరణ్‌ను అడిగితే, అలాంటిది పెట్టనే లేదు, కల గన్నావా అన్నాడు.

నాన్న కళ్ళద్దాలు సర్దుకుని తెర వైపు వంగాడు. "నిన్ను జూసి గట్ల ఉరుకుతదేంది బిడ్డా?"

ఫోన్ ఆయన చేతిలో పెట్టేసి లోపలికి వెళ్ళాను. ఎలా జరుగుతోందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఎందుకు పారిపోతోందో మాత్రం తెలుసు, అది నాన్నకు చెప్పే ధైర్యం నాకు ఇంకా రాలేదు.