డబ్బా గిటారూ, ఓడ గిటారూ

మాస్టారు పోయారని ఫోను వచ్చేసరికి నేను ఒక తండ్రితో వాదులాటలో ఉన్నాను. గాజువాకలో నేను నడిపే గిటారు క్లాసుకి కూతుర్ని మొదటిసారి తీసుకొచ్చాడాయన. ఖరీదైన గిటారు కొనాలా, చవకది సరిపోతుందా, రెండింటికీ నిజంగా తేడా ఉందా, ఏదో ఒకటి తేల్చి చెప్పండి మేడమ్ అని పట్టుబట్టాడు. చెప్పబోతుంటే ఫోను మోగింది. అవతల మాస్టారి భార్య. నేను ఆవిడని అత్తా అని పిలుస్తాను. "మీ మాస్టారు ఎల్లిపోనారమ్మా. పొద్దున్న టీ తాగినారు, గోడకి జేరబడినారు, అంతే," అంది. ఆవిడ ఏడవడం లేదు. నేనే ఏడ్చాను, ఆ తండ్రి ముందే, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

ఆయనకి ఆ రోజు జవాబు చెప్పకుండానే పంపించేశాను. ఇప్పుడు చెప్తాను. ఆ జవాబు నాది కాదు, మాస్టారిది. నా మట్టిబుర్రకి ఎక్కడానికి దానికి చాలా ఏళ్ళే పట్టింది.

మాస్టారు పగలు ఫిషింగ్ హార్బర్లో పడవల వడ్రంగి. సాయంత్రం వన్ టౌన్లో, తాము అద్దెకుండే మేడ మెట్ల కింద గదిలో, మాకు గిటారు మాస్టారు. తండ్రీ తాతా వేటకెళ్ళి బతికినవాళ్ళు. ఈయనకి మాత్రం పడవ కదిలితే కడుపులో తిప్పేసేది. సేపలోళ్ళింట పుట్టి సంద్రం పడనోణ్ణి నానొక్కణ్ణే అని తన మీద తనే నవ్వుకునేవారు. అంచేత పడవెక్కకుండా పడవలు బాగుచేసే పని పట్టారు. కుర్రతనంలో పోర్టు దగ్గర ఒక హోటల్లో బ్యాండు వాయించేవాళ్ళకి బల్లలూ కుర్చీలూ మరమ్మతు చేసిపెడుతూ వాళ్ళ దగ్గర గిటారు నేర్చుకున్నారట. ఆయన చేతుల్ని ఎప్పుడు చూసినా రంపంపొట్టూ, పడవలకి పూసే చేపనూనే కలిసిన వాసన. ఆ చేతులతోనే మా వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటిగా తీగల మీద పెట్టేవారు. గట్టిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. మేం తప్పు వాయిస్తే మాత్రం, పంటి నొప్పి వచ్చినవాడిలా దవడ పట్టుకునేవారు.

తొంభైల మధ్యలో, డిగ్రీ మొదటి ఏడు, నేను ఆ గదిలో అడుగుపెట్టాను. నాన్నకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. ఊళ్ళో వ్యవసాయం మానుకుని వచ్చిన మనిషి, పాటలూ వాద్యాలూ ఆయన లెక్కలో లేవు. నేను నెల్లాళ్ళు అన్నం దగ్గర అలిగితే విసుగెత్తి, దొరికినవాటిలో అన్నిటికన్నా చవకది కొని నా మొహాన పడేశాడు. ఎర్రరంగు, మీద తెల్ల పువ్వు బొమ్మ. నాకు మాత్రం అది రాజ్యం.

దాన్ని సంచిలోంచి తీయగానే మాస్టారు అడిగారు. "ఎలగ పలికినాది పాపా?"

హార్బర్ మీదుగా నడిచి వచ్చానేమో, నా చెవుల్లో చేపల వేలంపాట ఇంకా మోగుతోంది. అక్కడ అందరూ అడిగేది ఒకటే, ఎంత పలికినాది, ఎంత పలికినాది అని. ఈయనా ధరే అడుగుతున్నారనుకున్నాను. పక్కనున్న వాళ్ళ గిటార్లు చూస్తే నాకు నామోషీ వేసింది. నాన్న పెట్టినదానికి రెండింతలు చేసి చెప్పాను. మాస్టారు గిటారు ఒళ్ళోకి తీసుకుని, పై తీగ నుంచి కింది తీగ దాకా బొటనవేలితో ఒక్కసారి మీటారు. తల అడ్డంగా ఊపి, "అంత పలకనేదే," అన్నారు.

గదంతా పగలబడి నవ్వింది. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మనకి ధరా పలుకుతుంది, వాద్యమూ పలుకుతుంది. ఆయన నాదం గురించి అడిగితే నేను బేరం చెప్పాను, అదీ దొంగ బేరం. ఆ రకం గిటారు అసలు ధర అక్కడ అందరికీ తెలుసట. ఆ రోజు నుంచి ఆ గదిలో నా పేరు రెండింతలమ్మ.

ఆ ఎర్ర గిటారు నన్ను ఏడిపించుకు తింది. తీగలు మెడకి ఎంత ఎత్తున ఉండేవంటే, అదిమిపెడితే వేళ్ళు చీరుకుపోయేవి. అదిమాక శృతి పైకి పోయేది. చూపుడువేలు అడ్డంగా వేసి ఆరు తీగలూ ఒకేసారి నొక్కమంటే నావల్ల అయ్యేది కాదు. తప్పంతా గిటారుదే, నాది వీసమెత్తు లేదని తీర్మానించుకున్నాను. అలా తీర్మానించుకోవడం ఎంత హాయిగా ఉంటుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

దానికి తోడు మాస్టారి గదిలో గోడకి గుడ్డసంచిలో ఇంకో గిటారు వేలాడేది. ఓడ గిటారు అనేవాళ్ళు దాన్ని. విదేశం ఓడలో వచ్చినది, చాలా ఖరీదైనది అని మాత్రమే మాకు తెలుసు. నెలకోసారి దాన్ని దించి, ఉప్పుగాలికి తుప్పు పట్టిన తీగలు మార్చి, మెత్తటి గుడ్డతో తుడిచి, కాసేపు వాయించి, మళ్ళీ సంచిలో పెట్టేసేవారు. వాయించినంతసేపూ మాలో ఒక్కరూ దగ్గేవాళ్ళు కారు.

నాన్న నాకు గడువు పెట్టాడు. డిగ్రీ అయ్యేలోగా ఈ వాయింపుడుతో నీ కాళ్ళ మీద నువ్వు నిలబడగలవని చూపించు, లేదంటే గిటారు అటకెక్కుతుంది, నువ్వు బ్యాంకు పరీక్షలకి కూర్చుంటావు అన్నాడు. పుస్తకాలు కూడా ముందే కొని బల్ల మీద పెట్టాడు. చివరి ఏడు సగంలో ఉండగా సీతమ్మధారలో ఒక ఆర్కెస్ట్రాకి గిటారు వాయించే మనిషి కావాలని తెలిసింది. ఇంకో పదిహేను రోజుల్లో, వాళ్ళ ముందు వాయించి చూపించే పరీక్ష. అది పోతే నాకు ఇంకో అవకాశం లేదు.

నేరుగా మాస్టారి దగ్గరికెళ్ళి ఓడ గిటారు ఒక్కరోజుకి ఇమ్మన్నాను. ఇవ్వనన్నారు. ఎందుకివ్వరంటే పక్కవాడి గిటారు శృతి చెయ్యడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది. మీరు మంచిది గోడకి దాచుకుని మాకు డబ్బాలు చాలంటున్నారా అనేశాను, అందరి ముందూ. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు చెంపలు వాయించుకోవాలని ఉంది.

ఆయనకి కోపం రాలేదు. మమ్మల్నందర్నీ గోడవైపు తిరిగి కూర్చోమన్నారు. ఒకే ముక్క రెండుసార్లు వాయించారు, ఒకసారి నా ఎర్రదాని మీద, ఒకసారి ఓడదాని మీద. ఏది ఏదో చెప్పమన్నారు. నేను అందరికన్నా ముందు, మొదటిదే ఓడది అని అరిచాను. ఇటు తిరగమన్నారు. తిరిగేసరికి ఓడ గిటారు ఆయన ఒళ్ళో ఉంది. రెండోసారి వాయించింది దాన్నే. నేను మెచ్చుకున్నది నా డబ్బానే.

"ఓడదే మంచిది పాపా. అబద్ధం ఎందుకు సెప్తాను? మంచి సెక్క, మంచి పని," అన్నారు. "కానీ అది నీకింకా ఇనబడతం నేదు. ఇనబడ్డ రోజున కొనుక్కో. అందాకా అదీ ఇదీ నీకొక్కటే."

విసురుగా లేచి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. పది రోజులు ఇంట్లో ఆ ఎర్రదానితోనే కుస్తీ పట్టాను, వేళ్ళకి ప్లాస్టర్లు చుట్టుకుని. గెలుస్తానని కాదు, ఆయన మాట తప్పని చూపించాలని. మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది.

పరీక్ష ఇంకో నాలుగు రోజులుందనగా, ఆదివారం పూట మాస్టారు మా క్వార్టర్స్ వెతుక్కుంటూ వచ్చారు. రెండు బస్సులు మారి, భుజాన పనిముట్ల సంచితో. నాన్న టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. ఆయన నావైపు చూడకుండానే, గిటారు తెమ్మన్నారు. మెడకీ తీగలకీ మధ్య ఒక కన్నుతో చూసి, "దీని కింద నుంచి తెప్ప ఎల్లిపోద్ది," అన్నారు.

గిటారుకి తల దగ్గర ఒకటీ, కింద బ్రిడ్జి మీద ఒకటీ, తీగలు ఆనే చిన్న ముక్కలుంటాయి. నాదానికి అవి బోలు ప్లాస్టిక్. వాటివల్లే తీగలు అంత ఎత్తు, వాటివల్లే నాదం చెక్కలోకి దిగడం లేదు అని నాన్నకి వివరించారు, నాకు కాదు. తర్వాత సంచిలోంచి ఒక దువ్వెన తీశారు. దున్నపోతు కొమ్ముతో చేసిన నల్లటి పాతకాలం దువ్వెన. మా వసారాలో బాసింపట్టు వేసుకుని దాన్ని రంపంతో సగానికి కోశారు. ఒక సగం నుంచి పళ్ళు తీసేసి, ఆకురాయి పెట్టి ఆ రెండు ముక్కలూ చెయ్యడం మొదలుపెట్టారు.

ఇది అత్తది కదా, చెప్పే తెచ్చారా అని నేనే ముందు నోరు విప్పాను. చెప్తే ఇస్తాదా అన్నారు. నవ్వొచ్చింది నాకు, ఆపుకోలేకపోయాను. అప్పుడు, ఆకురాయి ఆపకుండానే, నేనడిగినదానికి జవాబు చెప్పారు.

"ఓడ గిటారు నాది కాదు పాపా. ఓడ మీద పనిసేసీ ఆయన, మెడ ఇరిగిపోనాది, బాగుసెయ్యమని ఇచ్చినాడు. నాను సేసీలోగా ఓడెల్లిపోనాది. ఏ రోజైనా వొచ్చి అడిగితే, ఇదిగో నీ సామానని ఇవ్వాల కదా."

అప్పటికే అది పదిహేనేళ్ళ కిందటి మాట. నెలనెలా తీగలు మార్చడం, తుడవడం, ఎవరికీ ఇవ్వకపోవడం, అంతా తిరిగొస్తాడో రాడో తెలియని ఒక మనిషి కోసం. నేను తల వంచుకుని, కింద పడ్డ కొమ్ము పొడి చీపురుతో ఎత్తాను.

రెండు గంటలు పట్టింది ఆ పని. ఇదెందుకు, అప్పు చేసైనా ఇంకోటి కొనిపెడతానని నాన్న అన్నాడు, నా ప్లాస్టర్లు చూసి మనసు కరిగి. ముందు దీన్ని పలకనీండి అన్నారు మాస్టారు. తీగలు బిగించి నా చేతికిచ్చారు. చూపుడువేలు అడ్డంగా వేశాను. ఆరు తీగలూ నొక్కుకున్నాయి. ఆరూ మోగాయి. అంతవరకూ గొంతు పట్టేసినట్టుండే గిటారు ఒక్కసారి గొంతు విప్పింది. గిటారుది సగం తప్పు, పది రోజుల కుస్తీకి ముందు నాది సగం తప్పు అని నాకు ఆ క్షణాన తెలిసింది.

సీతమ్మధారలో ఆర్కెస్ట్రా ఆయన నా గిటారుని చూడగానే, ఈ డబ్బా ఎక్కడ పట్టుకొచ్చావమ్మా అని నవ్వాడు. మిగిలినవాళ్ళవన్నీ మెరిసే గిటార్లు. నేను వాయించడం మొదలుపెట్టినప్పుడు ఆయన ఎవరితోనో టిఫిన్ల గురించి మాట్లాడుతున్నాడు. రెండో చరణానికి మాట ఆపాడు. అయిపోయాక దగ్గరికొచ్చి, గిటారు తిప్పి చూసి, ఏ కంపెనీ అని అడిగాడు. ఫిషింగ్ హార్బర్ అన్నాను. నన్ను తీసుకున్నారు, స్టేజీ మీద వెనక వరసలో, డోలు పక్కన. మర్నాడు నాన్న బ్యాంకు పరీక్షల పుస్తకాలు పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడు.

తర్వాత ఎన్నో ఏళ్ళకి, రుషికొండలో ఒక రిసార్టులో కార్యక్రమానికి వెళ్ళినప్పుడు, బయటూరి నుంచి వచ్చిన ఒకాయన తన గిటారు శృతి చేసుకుంటున్నాడు. ఒక్క తీగ మీటాడు. ఆ నాదం వెంటనే పోలేదు. నెమ్మదిగా సన్నబడుతూ, చెదిరిపోకుండా, నిలబడింది. నేను చేస్తున్న పని ఆపేశాను. వినబడింది నాకు. ఆ రోజు గోడవైపు తిరిగి నేను వినలేకపోయింది అదే. ఇంకో ఏడాదికి, నా సంపాదనతో, మంచి చెక్కది, మంచి పనిదీ కొనుక్కున్నాను.

తీసుకెళ్ళి మాస్టారికి చూపించాను. ఎలగ పలికినాది రెండింతలమ్మా అన్నారు. ఈసారి నేను నోరు తెరవలేదు, వాయించాను. కళ్ళు మూసుకుని విన్నారు. ఒకచోట చిన్న తప్పు పడింది, దవడ పట్టుకున్నారు.

"బాగా పలికినాది. నీ తప్పు కూడా బాగా పలికినాది," అన్నారు. "డబ్బాకాడ నెపం ఉంటాది. దీనికాడ నీకింక నెపం నేదు."

చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఇంతకీ ఎంత పలికింది అన్నారు. నిజం చెప్పాను. అత్త వంటగదిలోంచి, ఆ డబ్బుకి తెప్ప వచ్చేదే అంది. అందుకే, నన్నడిగిన ఆ తండ్రికి నేను చెప్పేది ఇది. తేడా ఉంది, చాలా ఉంది. అది మీ పాపకి వినబడ్డ రోజున కొనండి. ఈలోగా ఉన్నదాన్ని ఎవరిచేతైనా పలికించండి. నేను పలికిస్తాను, తీసుకురండి.

మాస్టారు పోయిన పదకొండో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. ఎవరో వ్యాపారి అప్పుడే వచ్చి వెళ్ళాడట, ఓడ గిటారు ఎంతకిస్తారని. "మాది కాందే ఎలగ అమ్ముతాం బాబూ అని పంపేసినాను," అంది అత్త. నెల దాటిందమ్మా, తీగలు మార్చాలి అంది. నేను మార్చాను, తుడిచాను, ఆయన వాయించినంతసేపు వాయించి సంచిలో పెట్టాను. ఇక నుంచి నెలనెలా వస్తానని చెప్పాను. ఓడాయన వస్తే ఇదిగో నీ సామానని ఇవ్వడానికి ఎవరో ఒకరుండాలి.

నీదేదీ అని అడిగింది అత్త. ఖరీదైనది ఇంట్లోనే వదిలి ఎర్రదాన్నే తీసుకెళ్ళాను. పువ్వు బొమ్మ చెరిగిపోయింది, రంగు లేచిపోయింది. ఆవిడ తలంటుకుని గుమ్మంలో కూర్చుని, సముద్రపు గాలికి తెల్లజుట్టు ఆరబెట్టుకుంటోంది. మాస్టారు నేర్పిన మొదటి ముక్కే వాయించాను, ఎక్కడా తప్పు పడకుండా. అయ్యేదాకా ఆవిడ ఇటు తిరగలేదు. చిక్కు తీసుకుంటున్న చెయ్యి మాత్రం ఆగిపోయింది.

"ఎలగ పలికినాదమ్మా, మా దువ్వెన?" అంది.

ఆవిడ జుట్టులో నల్లగా మెరుస్తూ, మిగిలిన సగం ఉంది.