ఆగకుండా ఆడిన మగ్గం

నేను స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవడానికి ఆరేళ్ళ ముందు, ఉగాది వెళ్ళిన వారంలో, నన్ను ఆదోని డివిజన్‌కు బాలల సంరక్షణ అధికారిగా వేశారు. ఆ హోదా వింటే వెనక పది జీపులు వస్తాయనిపిస్తుంది. నాకిచ్చినవి ఒక కుర్చీ, మూడుకాళ్ళ బల్ల, మార్కెట్ యార్డులో పత్తి బేళ్ళతో పోటీపడేటన్ని ఫారాలు. బల్లకు నాలుగో కాలు కూడా ఆ ఫారాలే. పై అధికారి ఏదైనా పాత ఫారం అడిగితే ఆఫీసంతా ఒక పక్కకు ఒరిగేది.

మొదటి కేసు ఎమ్మిగనూరులో వచ్చింది. పిల్లల సహాయ ఫోనుకు ఎవరో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేశారు. నేతగాళ్ళ వీధిలో నాగవేణి అనే ఆమెకు మతి సరిగా ఉండదు. భర్త చనిపోయాడు. ఎనిమిదేళ్ళ కూతురు సుజాత ఆమెతో ఒంటరిగా ఉంటుంది. కిందటేడు ఒకసారి, బయట తనను చంపడానికి వచ్చారంటూ పిల్లతో సహా లోపల గడియ పెట్టుకుంటే, రెండోరోజు వీధివాళ్ళు తలుపు పగలగొట్టారు.

నా పని ఇల్లు చూసి, నలుగురినీ అడిగి, సామాజిక విచారణ నివేదిక రాయడం. దాన్ని చూసి కర్నూలులోని బాలల సంక్షేమ కమిటీ తీర్పు చెబుతుంది. పిల్ల తల్లి దగ్గరుండాలా, బాలికల గృహానికి పోవాలా అన్నది తేలేది అక్కడే. జబ్బు ఉన్నంత మాత్రాన తల్లినుంచి బిడ్డను వేరు చేయకూడదు. బిడ్డకు ప్రమాదముంటే చూస్తూ ఊరుకోనూ కూడదు. ఈ రెండు వాక్యాల మధ్య సందులోనే ప్రభుత్వం నాకు జీతమిచ్చేది.

ఆ రోజు బస్సు కండక్టరు ఉగాది మరునాడు రెండు వర్గాలు పిడకలు విసురుకునే కైరుప్పల పోరుకు పోయి వచ్చినవాడు. నుదుట నిమ్మకాయంత బొప్పి. ఇన్నేళ్ళుగా చెప్పీ చెప్పీ నా నోట్లో అది టెంకాయంత అయింది.

వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు ఎదురొచ్చింది. నాగవేణి ఇంటి అరుగు మీద కూర్చున్నాను. లోపల గుంటలో కాళ్ళు పెట్టి నేసే గుంటమగ్గం మీద ఆమె నేస్తూంది. నా వైపు చూడలేదు. చేతులు మాత్రం రైలు ఇంజనులా ఆడుతున్నాయి. అరగంటసేపు ఒక్క క్షణం కూడా మగ్గం ఆగలేదు. నేను ముగ్ధురాలినై, 'తల్లి శ్రద్ధగా, ఏకాగ్రతతో పనిచేయుచున్నది. పరిస్థితి సంతృప్తికరం' అని గుండ్రని అక్షరాలతో రాసుకున్నాను.

అంతలో పక్కింటినుంచి మాబున్ని వచ్చింది. రెండిళ్ళకూ గోడ ఒకటే. నేతగాళ్ళకు దారం కండెలు చుట్టి బతికే మనిషి. నన్ను పలకరించను కూడా లేదు. సుజాత పుస్తకాల సంచి, దుప్పటి చంకన పెట్టుకుని, గడప దగ్గర కూర్చున్న పిల్ల చేయి పట్టుకుంది. పిల్ల ఏమీ అడగకుండా లేచింది.

ఎక్కడికి తీసుకుపోతున్నావని గద్దించాను.

"మగ్గం పరిగెత్తుతాంది మేడమ్, ఇనపడల్యా?"

"బాగానే నేస్తోంది కదమ్మా!"

"యాడ బాగ? మంచిగుండే మనిషి దారం తెగితే ఆగి అతికిస్తాది. పొద్దుటాల్నుంచి దారాలు తెగినా ఆగల్యా. రేపో ఎల్లుండో గడియ పెట్టుకుంటాది."

లోపలికి పోయి చూశాను. బట్ట మీద తెగిన దారాలు వెంట్రుకల్లా వేలాడుతున్నాయి. పదిహేడేళ్ళ సర్వీసు, రెండు డిగ్రీలు, హైదరాబాదులో తీసుకున్న శిక్షణ అన్నీ అరుగు మీదే ఉండిపోయాయి.

నాగవేణిని మానసిక వైద్యం చేసే డాక్టరు దగ్గరికి ఆ సాయంత్రమే తీసుకుపోయాం. అంతకుముందు ఇచ్చిన మాత్రలు వేసుకుంటే చేతులు వణికి దారం సరిగా రావడంలేదని, చీర ఇవ్వాల్సిన గడువు దగ్గరపడినప్పుడల్లా ఆమే మానేస్తోందని తేలింది. డాక్టరు మందు మార్చాడు.

ఇక నివేదికలో నింపాల్సిన అసలు గడి మిగిలింది. పిల్ల రక్షణకు బాధ్యులెవరు? వీధి పెద్ద ఈరన్న మీసం దువ్వి, "వీధి వీధంతా సూసుకుంటాది, రాసుకో మేడమ్" అన్నాడు. చట్టానికి వీధి తెలియదు, ఒక మనిషి పేరు కావాలన్నాను. "మేమంతా మనుషులం కాదా?" అని నలభై గొంతులు లేచాయి. సరే, సంతకమో వేలిముద్రో ఎవరు పెడతారంటూ స్టాంపు ప్యాడ్ మూత తీశాను. ఆ క్షణంలో ఎమ్మిగనూరులో ఇంతమందికి ఇంత అవసరమైన పనులుంటాయని నాకు తెలిసింది. ఈరన్న మీసం కూడా ఎటో పోయింది. ఒక మేక మిగిలింది. అదీ కాగితం తినడానికే.

మాబున్ని కదల్లేదు.

"పాపకేమన్నా అయితే ముందు ఎవర్ని అడుగుతారు? నాగవేణినా, నన్నా?"

"నిన్నే."

"అట్ల నిజం సెప్పు." తన ఇంకు అంటని వేలిని చూసుకుంది. "నాగవేణి మంచిగుండేటప్పుడు ఆమెతోనూ అడుగు. ఆమె ఒప్పుకోకుండా ఆమె బిడ్డకు నేను యేలు ముద్ర యేయను."

మూడు వారాల తరువాత నాగవేణి మగ్గం ఆపి, దారం అతికించి, నాతో మాట్లాడింది. "నాకు బాగలేనప్పుడు పాపను ఇమ్మని నేను ఏడ్సినా, తిట్టినా, కాళ్ళమీద పడినా ఇయ్యొద్దని రాయి మేడమ్. ఇప్పుడు తెలివితో సెప్తాండా. అప్పుడు సెప్పేది నమ్మొద్దు." ఆ మాటల్ని మా శాఖ భాషలోకి మార్చకుండా అట్లాగే రాసి సంతకం పెట్టించాను. ఆ కిందే మాబున్ని వేలిముద్ర వేసింది.

కర్నూలులో కమిటీ ముందు ఇద్దరూ నిలబడ్డారు. ప్రమాదం వస్తోందని ఎలా తెలుస్తుందని అధ్యక్షురాలు అడిగింది. మగ్గం చప్పుడు బట్టి, అన్నాను. గదిలో నవ్వారు. మాబున్ని బల్ల దగ్గరికి పోయి వేళ్ళతో కొట్టి చూపింది. మొదట నాలుగు దెబ్బలు, ఆగడం. ఆరు దెబ్బలు, ఆగడం. తరువాత ఆగకుండా కొట్టసాగింది. ఫైళ్ళు అదిరాయి, గ్లాసులో నీళ్ళు చిందాయి. నవ్వులు ఆగిపోయాయి. నాగవేణి తల దించుకుని, "అవును మేడమ్, అట్లే ఉంటాది లోపల" అంది.

పిల్లను తల్లి దగ్గరే ఉంచమని, తల్లికి బాగలేని రోజుల్లో మాబున్నిని చట్టం చెప్పే 'యోగ్యురాలైన వ్యక్తి'గా గుర్తిస్తున్నామని, నేను నెలనెలా పోయి చూడాలని ఉత్తర్వు ఇచ్చారు. ఉద్యోగం మానేదాకా పోయాను. నేను చూసినన్నాళ్ళలో మగ్గం మూడుసార్లు పరిగెత్తింది. మూడుసార్లూ గడియ పడేలోపే సుజాత గోడ అవతల ఉంది.

ఇప్పుడు ఆ వీధిలో మగ్గాలు తగ్గాయట. ఆదోనిలో మా మిద్దె మీద కూర్చుంటే నాకు మాత్రం ఇప్పటికీ ఆ మగ్గాలన్నీ వినపడతాయి, కొన్ని అదనంగా కూడా.

'పరిస్థితి సంతృప్తికరం' అన్న కాగితాన్ని చింపలేదు. ఒక గీత కొట్టి ఫైలులో మొదటి పేజీగా పెట్టాను. ఆ కేసు తరువాత, బాధ్యులెవరని అడిగేముందు, తేడా ముందుగా ఎవరికి తెలుస్తుందని అడిగేదాన్ని. ఆ మనిషి దొరికితే, నెత్తికెత్తుకునే బరువెంతో దాచకుండా చెప్పి, ఆ తరువాతే స్టాంపు ప్యాడ్ మూత తీసేదాన్ని.