ముందు ఖాళీది

పుణేలోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, అందరూ బాబాయ్ అన్నట్టు ‘కాకా’ అని పిలిచే వామన్ దాతే పని, ప్రోగ్రాం ముక్కల్లో, అంటే మాడ్యూళ్లలో, ఏది ఎక్కాక ఏది కంప్యూటర్లోకి ఎక్కించాలో చెప్పడం. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలో చపాతీలు పూర్తిగా అయ్యాకే అన్నం మూత తీస్తాడు. ఎవరేమడిగినా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, “దానికంటే ముందు ఏముండాలి?” అంటాడు. ఆ శుక్రవారం ఒక ఆస్పత్రికి ఇవ్వాల్సిన రెండు మాడ్యూళ్లు మొండికేశాయి. రోగుల పేర్లది లేనిదే మంచాలది ఎక్కదు, మంచాలది లేనిదే పేర్లది ఎక్కదు. “ముందు వాళ్లదే ఎక్కించండి కాకా” అంది పేర్లది రాసిన జుయీ. “ముందు ఎక్కాలంటే మాదే మార్చాలి. మేమే ఎందుకు తగ్గాలి?” అన్నాడు మంచాలది రాసిన ఓంకార్. వామన్, పేర్లదాని పేరు పెట్టి లోపల ఏమీ లేని ఖాళీ మాడ్యూల్ ఒకటి ఎక్కించాడు. దాన్ని చూసి మంచాలది ఎక్కింది. తర్వాత అసలు పేర్లది వచ్చి ఖాళీదాని చోట కూర్చుంది. “లోపల ఏమీ లేదుగా కాకా!” అంది జుయీ. “ఉన్నట్టు కనబడితే చాలమ్మా దానికి.”

వామన్ టీ గ్లాసుతో మెట్ల దగ్గరికి వెళ్లాడు. నాసిక్‌లో ఉన్న, తను దాదా అని పిలిచే అన్నకూ అతనికీ ఆరేళ్లుగా మాటల్లేవు. ముందు అవతలివాడే ఫోన్ చేయాలని ఇద్దరికీ పట్టుదల. అన్న నంబరు నొక్కి, ఒక్కసారి మోగగానే పెట్టేశాడు. టీ సగం కాకముందే ఫోన్ మోగింది.

“ఏరా వామన్యా, పొరపాటున నొక్కావా?”

“కాదు దాదా.”